కొండ మనదే, మరి బెల్లం?

పల్నాడులో కొండ పేరున్న ఊళ్లకు కొదవలేదు. వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ. ఈ కొండనే తమిళులు కున్రు అంటారు, మలయాళీలు కున్ను అంటారు. ఏదో పోలిక ఉందని అక్కడితో వదిలేస్తే అది వ్యుత్పత్తి కాదు. పోలిక ఎవరికైనా కనిపిస్తుంది. తేడా కూడా ఒక పద్ధతిలో వస్తోందా అన్నదే చూడాలి. తమిళంలో మూన్రు, మలయాళంలో మూన్ను, మనకు మూడు. తమిళంలో ఒన్రు, మలయాళంలో ఒన్ను, మన కావ్యాల్లో ఒండు. పాత పుస్తకాల్లో మూడును 'మూఁడు' అని అరసున్న పెట్టి అచ్చువేసేవారు. ఒకప్పుడు అక్కడ నిండుసున్న పలికేది, ఆ అరసున్న దాని ఆనవాలు. ఇక కొండలో 'ఒ' ఎందుకంటే, తమిళుల ఉడల్ మనకు ఒడలు, వాళ్ల పుగై మనకు పొగ. కొండకూ అదే దారి.

లాటిన్ బిడ్డలదీ ఇదే తీరు. లాటిన్‌లో ఎనిమిదిని ఒక్తో అనేవారు. ఇటలీలో అది ఒట్టో, స్పెయిన్‌లో ఓచో, రొమేనియాలో ఒప్త్ అయింది. రాత్రి అన్న మాట చూడండి: నొట్టె, నోచె, నోఆప్తె. అవే అక్షరాలు, అవే మార్పులు. అయితే వాళ్లకు తల్లిభాష రాతలో దొరుకుతోంది. మన మూలద్రావిడానికి ఒక్క శాసనమూ లేదు, బిడ్డల మాటల్ని పక్కపక్కన పెట్టి ఊహించుకోవలసిందే. అందుకే ఈ పని నాకు ఇంత ఇష్టం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దాని ధాతువులు తమిళ కన్నడాలతో కలుస్తాయని ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు, అదీ క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా! పేరు మాత్రం 1856లో పుస్తకం వేసిన కాల్డ్వెల్‌కే ఎక్కువ దక్కింది. తెలుగు ధాతువుల లెక్క తేల్చింది మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, 1961లో.

బెల్లం దగ్గర కథ మారుతుంది. మన విల్లు కన్నడంలో బిల్లు. వెన్న బెణ్ణె, వేరు బేరు, విత్తు బిత్తు. మనం 'వ' అన్నచోట వాళ్లు 'బ' అంటారు. తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల. ఈ లెక్కన మనం వెల్లం అనాలి. అనడం లేదు. కన్నడం నుంచి వచ్చిన మాటేనని నా నమ్మకం. బయలు కూడా అలాంటిదే, తమిళంలో అది వయల్. రెండు నేలలూ తరతరాలు ఒకే రాజుల ఏలుబడిలో ఉన్నాయి, మాటలు రాకుండా ఎలా ఉంటాయి?

అసలు ఊరి పేరుకు ఈ తీపితో సంబంధమే లేదని, గుహలున్న 'బిలంకొండ'యే బెల్లంకొండ అయిందని అనేవారున్నారు. కావచ్చు. కానీ అలా అనాలంటే 'ఇ' ఎందుకు 'ఎ' అయిందో, ఒంటి లకారం ఎందుకు జంటయిందో చెప్పాలి. అలా మారిన మరో రెండు మాటలైనా చూపించాలి. ఇంతవరకు నాకు దొరకలేదు. జనం తెలియని మాటను తెలిసిన మాటగా మార్చుకున్నారనుకుంటే పాత రాతలో 'బిలం' కనబడాలి. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న దుర్గాల్లో ఇదీ ఒకటి. అంతకుముందు ఇక్కడ రెడ్డిరాజులు ఏలారు. వెతకవలసింది ఆ కాలపు రాతల్లోనే. శాసనం నకలు గానీ పాత దస్తావేజు గానీ మీ దగ్గరుంటే, అందులో ఊరి పేరును అక్షరం పోకుండా దింపి పంపండి. లకారానికి ఒత్తు ఉందో లేదో నాకు కావాలి.