ఆట విడిచినవారి ఓనమాలు

ఈ వారము హనుమకొండలో మా మేనకోడలి యింట నేను విన్న ఒక ఓదార్పుమాట నా మనస్సును మిక్కిలి నొప్పించినది. ఆమె కుమార్తె ఏడవ తరగతి మొదలుకొని బాల్ బ్యాడ్మింటన్ ఆడి, జిల్లా జట్టున సెంటర్ స్థానమందు నిలిచి, రాష్ట్రస్థాయి పోటీలకు పోయివచ్చిన బాలిక. ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట ఆటను పూర్తిగా విడిచి, తన్నెవ్వరును ఎరుగని యొక కొత్త కళాశాలలో గణాంకశాస్త్రము చదువుటకై డిగ్రీలో చేరినది. ఆటలలో వచ్చిన సర్టిఫికెట్లను దరఖాస్తుకు జతపఱచుటకు సైతము ఒప్పుకొనలేదట. తండ్రి చిన్నబోయి కూర్చుండగా, చూడవచ్చిన బంధువొకరు, "పోనియ్ బిడ్డా, ఆట పోతె పోయింది, డిసిప్లిన్ మిగిలింది గద, అదే సదువుకు అక్కరకొస్తది" అని ఆమె తల నిమిరిరి.

అది సదుద్దేశముతో పలికిన మాటయే. అయినను, ఆటను వేఱొక లాభమునకు మెట్టుగా ఎంచుటను నేనీ కాలమ్‌లో ఎన్ని మారులు ఖండించితినో పాఠకులెరుగుదురు. ఆటస్థలమన్నది లేక అంతస్తుల భవనములలో నడచు జూనియర్ కళాశాలలను గూర్చియు, ఇంజనీరింగు సీట్లలో క్రీడాకారులకు కేటాయించిన అరశాతముపై కన్ను వేసి పిల్లలను మైదానమునకు పంపి, సీటు చేతికందగనే బ్యాటును అటక యెక్కించు తల్లిదండ్రులను గూర్చియు నా యభిప్రాయము మాఱలేదు. ఆ తల్లిదండ్రులు ఆటను సర్టిఫికెట్టుగా చూచుచున్నారు. ఈ ఓదార్చువారు క్రమశిక్షణగా చూచుచున్నారు. ఆటను ఆటగా చూచినవారు ఆ పూట ఆ యింట ఒక్కరును లేకపోయిరి.

ఓరుగల్లులో ఆ బాలిక ఆడిన యీ యాటకు గల గౌరవము సామాన్యము కాదు. కృష్ణాజిల్లాలో పుట్టి ఇచ్చట స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారు బాల్ బ్యాడ్మింటన్‌కు తొలి అర్జున పురస్కారమును, 1970వ సంవత్సరపుదానిని, గడించి, నూఱేండ్లు దాటి జీవించి, 2021లో కన్నుమూసిరి. తంజావూరు రాజకుటుంబము పోషించిన యాటగా పెద్దలు చెప్పుకొను ఈ క్రీడ దక్షిణదేశపు పాఠశాలల మట్టికోర్టులకు వ్యాపించుటకు కారణము దాని సులభత్వమే: వైపునకు ఐదుగురు, ఒక వల, ఇంచుమించు 30 గ్రాముల పసుపుపచ్చని ఉన్నిబంతి. గాలి వీచినను ఆట ఆగదు. బంతిని నేల తాకనీయరాదు. ప్రొద్దు వాలి మంచు దిగినకొలది ఉన్ని తడిసి బరువెక్కును. అప్పుడు మణికట్టు తన లెక్కను తానే మార్చుకొనవలెను. బ్యాటును బంతి క్రిందుగా కోసినట్లు లాగినచో, అది గిరగిర తిరుగుచు వల దాటి, ఎదుటివాడు ముందుకు దూకులోపలనే నిలువున పడిపోవును. దానిని మేము కట్ అనెడివారము.

మా కళాశాల జట్టులో ఆ కట్ నెఱిగినవాడు ఒక్కడే యుండెను. అతడు మా సెంటర్ ఆటగాడు, నాకు ప్రాణమిత్రుడు. కోర్టును తడిపి, రోలరు లాగి, సున్నపుగీతలు దిద్దినపిదప అతడు వచ్చి వల యొద్ద నిలిచినచో, ప్రహరీగోడపై ఎక్కి కూర్చున్న బడిపిల్లలు సద్దు చేయుట మానెడివారు. ఇంటర్మీడియట్ పిమ్మట తండ్రికి బదిలీ కాగా, అతడు దూరప్రాంతపు కళాశాలలో రసాయనశాస్త్రమునకు చేరి, ఆటను విడిచెను. సెలవులలో నేనతని చూడబోయినపుడు, అధ్యాపకుని అనుమతితో ప్రయోగశాలలో అతని ప్రక్కనే నిలుచుండి టైట్రేషన్ చేయుట చూచితిని. ఎడమచేత బ్యూరెట్ కొళాయి, కుడిచేత గుండ్రముగా త్రిప్పుచున్న ఫ్లాస్కు, అందు ఫినాఫ్తలీన్ కలిపిన ఆమ్లము. లేత గులాబివన్నె పొడసూపి నిలిచిన ఆ ఒక్క చుక్క యొద్ద కొళాయి మూయవలెను. చుక్క ఎక్కువైనచో రంగు ముదిరి శ్రమయంతయు వ్యర్థమగును. వలయంచున బంతిని చచ్చినట్లు పడవేయగలిగిన వాని చేయి ఆ చుక్కను ఆపలేకపోయెను. ఫ్లాస్కు కడిగి మరల పట్టెను. మరల ముదురెఱుపే వచ్చెను. ప్రక్కబల్లపై, జీవితమున బ్యాటు ముట్టియెరుగని యొక బక్కపలుచని విద్యార్థి తన పని ముగించి పుస్తకములో అంకెలు వ్రాసికొనుచుండెను.

బయటికి వచ్చినపిమ్మట నేను, అంతటి మణికట్టు ఏమైనదని యడిగితిని. "ఆ చెయ్యి వేరురా, ఈ చెయ్యి వేరు. దీనికి ఇంకా ఏమీ రాదు. నేర్పుకోవాలి" అని అతడు నింపాదిగా చెప్పెను. ఆ స్వరములో దుఃఖము లేదనను. కాని సిగ్గు లేదు. తరువాత అతడు రసాయనశాస్త్రమునే జీవనవృత్తిగా చేసికొని, పలువురికి ఆ చుక్కను ఆపుట నేర్పెను. ఆట తనకు అందులకు తోడ్పడినదని అతడెన్నడును చెప్పియెరుగడు. రెంటిని వేర్వేఱుగా ప్రేమించెను. రెంటిని ఓనమాలనుండి నేర్చెను.

ఈ స్మృతితోనే నేను ఆ బాలికతో మాటలాడ దలచితిని. సాయంకాలము ఒక్క గంటయైనను కోర్టుకు పొమ్మనియు, చదువునకై ఆటను బలియీయ వలదనియు చెప్పవలెనని నా సంకల్పము. మోకాలికి దెబ్బ తగిలినదని ఇంటివారు అందఱితోను చెప్పుచున్నారు గనుక ముందు దాని సంగతి యడిగితిని. "మోకాలు మంచిగనే ఉంది తాతయ్యా. ఆడాలనిపిస్తలేదు, అంతే. ఆ కాలేజీల నన్ను సెంటర్ ప్లేయరని ఎవ్వరు అంటలేరు, పేరుతోనే పిలుస్తున్నరు" అని ఆమె తల యెత్తి చెప్పినది.

నేను చెప్పదలచిన హితవు అచ్చటనే నిలిచిపోయినది. ఆట వేఱొక దానికి మెట్టు కారాదని ఇన్నాళ్ళు వాదించినవాడను. ఆ వాదము నిజమైనచో, ఆట అప్పు సైతము కారాదు. ఆడుటలోని ఆనందమే ఆటకు ఫలమైనపుడు, ఆ ఆనందము తీరిన మనిషిని వంశగౌరవమునకో, జిల్లా ప్రతిష్ఠకో, పెద్దల ముచ్చటకో కోర్టున నిలువుమనుట ఆటను మరల నిచ్చెనగా మార్చుటయే యగును. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత యయినాడు. చదువులో తాను వెనుకబడుటయే అదృష్టమైనదని అతడే చెప్పియున్నాడు. బ్యాడ్మింటన్ ఆడుచుండిన అతని అన్నకు ఐఐటీ సీటు వచ్చినది, ఆట ఆగినది. ఈ కథను మనమెల్లరము తమ్ముని వైపునుండియే చెప్పికొందుము. తరగతిగదిలో కొత్తవానివలె కూర్చున్న అన్నను ఓడినవానిగా లెక్కించుటకు మనకేమి అధికారము కలదు?

కావున ఆట విడిచి కొత్త కళాశాలకు వచ్చిన పిల్లలను ఏదో మిగిలినదని ఓదార్చ వలదు. పోయినది పోయినది, అది పెద్ద నష్టమే, దానికై ఏడ్చిన ఏడ్వనిండు. నేర్చినదంతయు ఇచ్చట పనికివచ్చునన్న ఆశ పెట్టినచో, మొదటి పరీక్షలో వెనుకబడిన దినమున ఆ క్రమశిక్షణ యేమైనదని తమ్ము తామే నిందించుకొందురు. అన్నియు వచ్చిన శరీరముతో ఏమియు రాని బల్లపై కూర్చుండుట కష్టమైన విద్య. దానికి కావలసినది కాలము, ఏమియు రాకపోవుటకు అనుమతి. ఇకమీదట ఆ బాలికను చూడబోవువారు కోర్టు ముచ్చటలు చాలించి, గణాంకశాస్త్రమున ఇంకను కొఱుకుడుపడని పాఠమేదో అడిగి, ఆమె చెప్పునంతసేపు ఓపికతో వినవలెనని నా విన్నపము.