ఘంటసాల గొంతు మీద హక్కు ఎవరిది?

దువ్వాడ రైల్వే స్టేషన్లో దిగి ఉక్కునగరం వైపు నడిచే మనిషికి ఏ వీధిలోనైనా మైకులో ఘంటసాల భగవద్గీత వినబడితే, అక్కడ ఎవరు పోయారోనని చూస్తాడు. తెలుగునాట ఏ ఊళ్లోనైనా ఇంతే. ఒక గాయకుడి ప్రజాదరణ ఇలా చావుకబురుగా మారడం మన సాంస్కృతిక చరిత్రలో విచిత్రమైన పరిణామం. 1974 ఫిబ్రవరి 11న మరణించిన ఘంటసాల వెంకటేశ్వరరావు కంఠం అర్ధశతాబ్దం దాటినా వాడిపోలేదు. కాని అందులో ఏ భాగాన్ని సమాజం నిలుపుకుంది, దేన్ని విడిచిపెట్టింది అన్నది విమర్శకులు అడగవలసిన ప్రశ్న.

‘గాన గంధర్వుడు’ అనేస్తే ఇక వివరణ అక్కరలేదు, శ్రమ ఊసూ అక్కరలేదు. 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో పుట్టిన ఈ పేద కుర్రవాడు విజయనగరంలో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చాడు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లాడు. గంధర్వులకు ఈ బాధలుండవు.

ఆయన సాధించిన మార్పు పద్యంలో స్పష్టంగా కనబడుతుంది. రంగస్థలం మీద పద్యమంటే చివర రాగం సాగదీసి ‘వన్స్ మోర్’ కొట్టించుకోవడమే. మైకు లేని రోజుల్లో చివరి వరుస దాకా గొంతు చేరాలి గనుక అది కొంత అవసరమూ అయింది. మైకు వచ్చాక అరవనక్కరలేదు. గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి మోగదు గనుక సాగదీయనూ కూడదు. ఈ కొత్త పరికరాల స్వభావాన్ని పసిగట్టి, రాగాన్ని మాట కొలతకు కుదించినవాడు ఘంటసాల. అందుకే ప్రతి అక్షరమూ అర్థంతో సహా వినబడింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ అక్షరం రానివాడి నోటికి ఎక్కింది. ఆ పూల కన్నీరు మనలో కొందరికి కాస్త ఎక్కువే అనిపించవచ్చు. కాని అదే గొంతు గురజాడ పూర్ణమ్మ కథనూ రికార్డుకెక్కించింది. మన పత్రికలు ఎన్నడూ చేరని గుడిసెలకు కవిత్వాన్ని మోసుకుపోయిన వాహనం అది.

1974లో, ఆయన పోయాక, రెండు విడుదలయ్యాయి. ఒకటి భగవద్గీత రికార్డు. రెండవది ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం. అందులో విశాఖ బిడ్డ శ్రీశ్రీ రాసిన ‘తెలుగువీర లేవరా’ పాటకు జాతీయ బహుమతి వచ్చింది. దానిలో ముందు నడిచేది ఘంటసాల గొంతే. అల్లూరి దళం చింతపల్లి ఠాణా మీద పడినది 1922లో, అంటే ఈ గాయకుడు పుట్టిన ఏడాదే. ఆ మన్యం దువ్వాడకు పరాయి దేశం కాదు.

రెండూ మేల్కొలుపులే. అస్త్రం దించిన అర్జునుణ్ణి లేపడానికి చెప్పిన మాటల్ని మనం ఇక లేవని మనిషి పక్కన వినిపిస్తున్నాం. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ గొంతు ఆసరా ఇస్తుందంటే కాదనలేం. అయితే ఆ ఆదరణే మిగతా ఘంటసాలను మింగేసింది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారాన్ని అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. అలాంటి చోట శ్రీశ్రీ పాట జెండా పండుగనాడు బడి ఆవరణలో ఒకసారి మోగి ఊరుకుంటోంది. గురజాడ పాఠం చెప్పే తరగతుల్లో పూర్ణమ్మ రికార్డు వినిపించే అధ్యాపకులెందరు?