కుజుడి మీద ఇటుకల పని

కుజుడి మీద మనుషులు కాపురం పెట్టే నవలలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటే చదివే తీరిక ఉందంటే మాత్రం కిమ్ స్టాన్లీ రాబిన్సన్ రాసిన ‘రెడ్ మార్స్’ చదవమంటాను. 1992లో వచ్చింది. దాని వెనకే ‘గ్రీన్ మార్స్’, ‘బ్లూ మార్స్’ వచ్చాయి. మొదటిదానికి నెబ్యులా, తర్వాతి రెండింటికీ హ్యూగో పురస్కారాలు దక్కాయి. పురస్కారాల సంగతి అలా ఉంచితే, నన్ను కట్టిపడేసింది అందులోని పనితనం. ముఖ్యంగా ‘రెడ్ మార్స్’ నవల్లోని మూడో భాగం.

వంద మంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు ఏరీస్ అనే నౌకలో కుజుడికి చేరుకుంటారు. అలాంటి కథల్లో మామూలుగా ఒక అధ్యాయంలో నౌక దిగుతుంది, మరుసటి అధ్యాయంలో అద్దాల గుమ్మటం కింద నగరం వెలిసి ఉంటుంది. మధ్యలో చెమటోడ్చిందెవరో మనకు తెలియదు. రాబిన్సన్ ఆ మధ్య కాలాన్నే కథ చేశాడు. మూడో భాగమంతా నాదియా అనే సైబీరియా ఇంజనీరు కళ్లతో నడుస్తుంది. సామాను పెట్టెలు విప్పడం, బుల్డోజరు తోలడం, యంత్రం మొరాయిస్తే బాగుచేయడం, అక్కడి మట్టితోనే ఇటుకలు చేయడం, వాటితో కమాను కప్పుల గదులు కట్టి పైన మట్టి కప్పడం, ఇదీ ఆమె దినచర్య. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జాజ్ పాటలు వింటూ ఈ పనులన్నీ చక్కబెడుతుంటుంది.

పైన అంత మట్టి ఎందుకంటే, అక్కడి గాలి పీడనం మన భూమి మీద ఉన్నదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. గదిలో మనం పీల్చే గాలి నింపితే అది గోడలనూ కప్పునూ బయటికి నెడుతుంది. మట్టి బరువు ఆ నెట్టుడును ఆపుతుంది, రేడియేషన్ నుంచి కూడా కాపాడుతుంది. ఇంత భౌతికశాస్త్రమున్నా ఎక్కడా పాఠం వింటున్నట్టు అనిపించదు. నాదియా చేతులు కదులుతుంటే మనకు తెలిసిపోతుంది. చేతిపనిని ఇంత ప్రేమగా రాసిన సైన్స్ ఫిక్షన్ నేను ఇంకోటి చదవలేదు.

మా తిరువూరు వైపు మెట్ట భూములెక్కువ. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మాది చివరి భాగం. పైనున్న పొలాలు తడిశాక మా దాకా నీళ్లెప్పుడొస్తాయా అని ఎదురుచూసే రైతుకు, మామిడి తోటలో బోరు ఎంత లోతుకు దించాలో లెక్కలేసుకునే రైతుకు, కొత్త నేల మీద అన్నిటికన్నా ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. ఈ నవల్లో నీళ్ల కోసం ఉత్తర ధ్రువపు మంచు దాకా ప్రయాణం కడతారు. రచయిత ఆ ప్రయాణాన్ని ఇంకో పనికి కూడా వాడుకున్న తీరు చూడండి. అన్నాళ్లూ నేలను ఇటుకల మట్టిగానే చూసిన నాదియా, ఆన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞురాలి పక్కన కూర్చుని పోతూ, మొదటిసారి ఆ దిబ్బల అందాన్ని చూస్తుంది. అన్ని పేజీల పాటు ఆమెతో పాటు మనమూ పనిలోనే తలమునకలై ఉన్నాం కాబట్టి ఆ అందం మన కళ్లకూ కొత్తగా తగులుతుంది.

నవల ఎనిమిది భాగాలు. ఒక్కో భాగంలో ఒక్కొక్కరి చూపు. ఒకే నేల నాదియాకు కట్టుబడి సామాను, ఆన్‌కు కోట్ల ఏళ్ల రాతి పొరలు, మనోవైద్యుడు మిషెల్‌కు తన ప్రొవాన్స్‌ను గుర్తుచేసి ఏడిపించే బెంగ. ఆన్‌కూ శాక్స్ అనే శాస్త్రవేత్తకూ మధ్య వాదం ఈ చూపుల్లోంచే పుడుతుంది. గ్రహాన్ని వేడెక్కించి, గాలి చిక్కబరచి, మనకు అనువుగా మార్చాలంటాడు శాక్స్. ముట్టుకోవద్దంటుంది ఆన్. రచయిత ఎవరినీ మూర్ఖులను చేయడు. నేను ఒక పుటలో శాక్స్ వైపు, మరో పుటలో ఆన్ వైపు మొగ్గాను.

చిన్న వివరాల్లోనూ అంతే నేర్పు. కుజుడి రోజు మనదానికన్నా సుమారు 39 నిమిషాల 35 సెకన్లు ఎక్కువ. ఆ మిగులును రాబిన్సన్ అర్ధరాత్రి దగ్గర పెట్టాడు. పన్నెండు కొట్టగానే గడియారాలు ఆగిపోతాయి, దాదాపు నలభై నిమిషాలు ఏ లెక్కలోకీ రాకుండా గడుస్తాయి, మళ్లీ కదులుతాయి. ఆ గడియలో మనుషులు పగటి వేళ అనలేని మాటలు అనుకుంటారు. ఖగోళ లెక్క ఒకటి ఊరి ఆచారమైపోయింది.

1976లో దిగిన వైకింగ్ నౌకల సమాచారం మీద ఆధారపడి రాసిన పుస్తకమిది. అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే విషలవణం ఉందని ఫీనిక్స్ నౌక 2008లో గాని కనిపెట్టలేదు. కాబట్టి ఆ మట్టిలో సేద్యం నవల్లో అనుకున్నంత తేలిక కాదు. నాకైతే అందువల్ల నవల విలువ తగ్గినట్టు అనిపించలేదు.

మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న కుజుడి కక్ష్యలో చేరిన సంగతి విని పెరిగిన పిల్లలకు ముందుగా ఆండీ వియర్ ‘ది మార్షియన్’ ఇవ్వండి. అది కాపురం కథ కాదు, ఒంటరిగా చిక్కుపడినవాడు బంగాళాదుంపలు పండించుకుని బతికిన కథ. కానీ లెక్క కట్టి బతకడమంటే ఏమిటో అందులో ఉంది. ఆర్థర్ క్లార్క్ 1951లో రాసిన ‘ది సాండ్స్ ఆఫ్ మార్స్’ సన్నగా, సాఫీగా సాగుతుంది. తెలుగులో డాక్టర్ చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’ ఉంది.

‘రెడ్ మార్స్’ మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. మొదటి భాగంలోనే ఒక హత్య జరుగుతుంది. చచ్చినవాడెవరో, చంపించినవాడికి అంత కసి ఎందుకో అర్థం కాక కొందరు అక్కడే మూసేస్తారు. మూయకండి. కథ వెంటనే వెనక్కి, ఏరీస్ ప్రయాణానికి వెళ్తుంది. ఆ ఇద్దరూ బతికి నవ్వుకుంటూ కనబడతారు. ఇక వాళ్లు మాట్లాడుకునే ప్రతి మాటా వేరుగా వినిపిస్తుంది.