పేరు తీసేసి పంపే వ్యాసం

లా జర్నల్‌కి వ్యాసం పంపే ముందు చివరిగా చేసే పని, రాసినవాళ్ల పేరు చెరిపేయడం. మొదటి పేజీలో పేరు, హోదా, కాలేజీ తీసేస్తాం. ‘ఇంతకుముందు నేను రాసినట్టు’ లాంటి వాక్యాలు మారుస్తాం. కృతజ్ఞతలు చెప్పుకున్న ఫుట్‌నోట్ తొలగిస్తాం. కంప్యూటర్ ఫైలు లోపల ఎక్కడో మన పేరు ఉండిపోతుంది, దాన్నీ వెతికి తుడవాలి. వ్యాసం చదివి తేల్చేవాళ్లెవరో మనకు తెలియదు, మనమెవరో వాళ్లకు తెలియదు. మన దేశంలో పేరున్న లా జర్నళ్లు చాలావరకు ఈ పద్ధతే పాటిస్తాయి.

న్యాయశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఈ చెరిపే పని ఎంతో ఇష్టం. మా వృత్తిలో మిగతా అన్నిచోట్లా మనిషిని చూశాకే మాట వింటారు. ‘ఫేస్ వాల్యూ’ సంగతి కోర్టు మెట్లెక్కిన క్లయింట్లందరికీ తెలుసు. ఏ బెంచి ముందు ఏ సీనియర్ నిలబడితే స్టే వస్తుందో లెక్కలు కట్టుకుని ఫీజు సిద్ధం చేసుకుంటారు. జర్నల్ దగ్గరికొచ్చేసరికి కడపలో ఎల్‌ఎల్‌ఎం చదివే అమ్మాయి వాదనా, ఢిల్లీ ప్రొఫెసర్ వాదనా పక్కపక్కనే పేరు లేకుండా నిలబడతాయి.

అమెరికాలో పద్ధతి వేరు. 1887లో మొదలైన హార్వర్డ్ లా రివ్యూ సహా అక్కడి ప్రసిద్ధ లా రివ్యూలను విద్యార్థులే నడుపుతారు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి ఎన్నో జర్నళ్లకు పంపొచ్చు. ఒకరు వేస్తామంటే ఆ మాట చూపించి, ఇంకా పెద్ద జర్నల్‌ని త్వరగా తేల్చమని అడగొచ్చు. రాసినవాళ్ల బయోడేటా కూడా చూసే జర్నళ్లున్నాయి. ఈ బేరసారాలు నాకు నచ్చవు. మన దగ్గర మామూలుగా ఒకచోటికి పంపితే వాళ్లు తేల్చేదాకా మరోచోటికి పంపకూడదు. నెలలు గడుస్తాయి. ప్రమోషన్ కోసం చూసే లెక్చరర్లకు అది నిజంగా కష్టమే. అయినా ఆ నిదానమే నాకు మేలనిపిస్తుంది.

మన నేషనల్ లా యూనివర్సిటీల్లోనూ చాలా జర్నళ్లు విద్యార్థుల చేతుల్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల పిల్లలు పెద్దల ఫుట్‌నోట్లను ఒక్కొక్కటిగా తెరిచి చూస్తారు. ‘మేడమ్, ఇది ఏ జడ్జిగారి అభిప్రాయం? ఎన్నో పేరా?’ అని అడుగుతారు. చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, న్యాయశాస్త్ర రచనకు ప్రాణం అందులోనే ఉంది. రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దులున్నాయా అన్న ప్రశ్న మీద నడిచిన కేశవానంద భారతి కేసునే తీసుకోండి. 1973 ఏప్రిల్ 24న పదమూడు మంది జడ్జీలు ఇచ్చిన తీర్పులో పదకొండు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. ‘సుప్రీంకోర్టు ఇలా అంది’ అని ఒక్క ముక్కలో రాసేస్తే చదివేవాళ్లు దాన్ని ఎక్కడ వెతకాలి?

ఆ తీర్పులోనే జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక వ్యాసాన్ని పేరుపెట్టి ప్రస్తావించారు. రాసింది డీట్రిక్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు. రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దులుంటాయని 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉపన్యసించారు. తరవాత దాని మీద రాసిన వ్యాసం మద్రాసు నుంచి వెలువడిన ఒక వార్షిక సంచికలో వచ్చింది. మన కోర్టుల్లో ఆయనకు వకాలతు లేదు, క్లయింటు లేడు. ఆ వాదన భారతదేశానికి చాలావరకు సరైనదేనని ఖన్నా రాశారు. ఒక వ్యాసానికి ఇంతకన్నా ఏం కావాలి?

మూలం తెరిచి చూడకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో చాట్‌జీపీటీ కల్పించిన, ఎక్కడా లేని తీర్పులను చూపించినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అప్పటినుంచీ ప్రతి ఫుట్‌నోట్‌నూ మూలం తెరిచి సరిచూసే మన జర్నళ్ల విద్యార్థుల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇంత శ్రమ అక్కర్లేదని చెప్పే దుకాణాలూ ఉన్నాయి. డబ్బు కడితే చాలు, చదవకుండానే వేసేస్తారు. పైకి అంతర్జాతీయ జర్నల్ అన్న బోర్డు. లెక్చరర్ల ప్రమోషన్‌కి వ్యాసాల లెక్క ముడిపెట్టడంతో ఈ వ్యాపారం పెరిగింది. దాన్ని అరికట్టడానికే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నమ్మదగిన జర్నళ్లతో ‘కేర్’ జాబితా తెచ్చింది, 2025లో ఆ జాబితాను ఆపేసింది. ఇప్పుడు మంచీచెడూ తేల్చుకునే బాధ్యత కాలేజీల మీదా, రాసేవాళ్ల మీదా పడింది. దూరపు ఊళ్లలో, సరైన లైబ్రరీ లేని కాలేజీల్లో చదివే పిల్లలే ఎక్కువగా ఈ వలలో పడుతున్నారు. అదే నన్ను బాధిస్తుంది. వాళ్ల మొదటి వ్యాసం ఎవరూ చదవకుండానే అచ్చయిపోతుంది.

అందుకే ఎక్కడికి పంపమంటారని అడిగిన విద్యార్థులకు నేను జర్నళ్ల పేర్లు చెప్పను. ఆ జర్నల్ పాత సంచిక ఒకటి తెరిచి, ఏదైనా ఒక వ్యాసంలోని ఫుట్‌నోట్లు పట్టుకుని అసలు తీర్పుల దాకా వెళ్లి చూసి రమ్మంటాను. చెప్పిన పేరాలో చెప్పిన మాట ఉంటే, అక్కడికి పంపమంటాను.