ఢీకొన్నాక ఏం చెయ్యాలో తెలిసిన తీగ

1973లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఆల్టో కంప్యూటర్లు తయారవుతున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి, కొత్త లేజర్ ప్రింటర్‌తోనూ కలపాలి. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఆ పనికి పూనుకున్నారు. హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం రేడియోతో నడిపిన అలోహానెట్ వాళ్ళకి దారి చూపింది. ఎవరి వంతు ఎప్పుడో ముందే తేల్చకుండా అందరూ ఒకే ఛానెల్‌లో పంపొచ్చు, రెండు ప్యాకెట్లు ఢీకొంటే మళ్ళీ పంపొచ్చు అన్నది అక్కడి పాఠం. 1976లో వాళ్ళు ఈథర్‌నెట్ గురించి వ్యాసం ప్రచురించే నాటికి, కిలోమీటరు కేబుల్ మీద 100 దాకా కంప్యూటర్లు పెత్తనం చేసే పెద్దమనిషంటూ లేకుండానే మాట్లాడుకుంటున్నాయి.

అసలు పనితనం ఢీకొన్న తర్వాత కనిపిస్తుంది. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ కలిసి ప్రకటించిన 10 మెగాబిట్ల రూపాన్నే చూడండి. ప్రతి కంప్యూటరూ పంపుతూనే తీగని వింటుంది. వేరేవాళ్ళ సిగ్నల్ కలిసిందని తెలియగానే, గొడవ అందరికీ వినపడేలా ఇంకాస్త చప్పుడు చేసి ఆగిపోతుంది. తన సిగ్నల్ తీగ చివరిదాకా వెళ్ళి, ఢీకొన్న వార్త తిరిగొచ్చేలోపు పంపడం అయిపోకూడదు కదా! అందుకే ఏ ఫ్రేమూ, అంటే ఒక్క దఫా పంపే డేటా మూట, 64 బైట్లకి తగ్గకూడదని నియమం. ఎంత చిన్న లెక్క, ఎంత ముందుచూపు!

తర్వాత ఎంతసేపు ఆగాలి? ఒకసారి ఢీకొంటే 0, 1లలో ఒక అంకెని యాదృచ్ఛికంగా ఎంచుకుని, అన్నిసార్లు 51.2 మైక్రోసెకన్లు ఆగుతుంది. రెండోసారి 0 నుంచి 3, మూడోసారి 0 నుంచి 7, అలా 1023 దాకా. తీగ మీద ఎంతమంది ఉన్నారో ఎవరూ చెప్పరు. తనకి తగిలిన దెబ్బల్ని బట్టే రద్దీని అంచనా వేసుకుని వెనక్కి తగ్గుతుంది. ఇంత మర్యాద తెలిసిన యంత్రాంగాన్ని నేను ఇంకోటి చూడలేదు.

ఇవాళ బిల్లింగ్, స్టాక్, జీతాల సాఫ్ట్‌వేర్లని ఏపీఐలతో కలిపేవాళ్ళకీ ఇదే లెక్క పనికొస్తుంది. ఒక సర్వర్ కాసేపు పడిపోతే, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ సరిగ్గా ఐదు సెకన్లకోసారి మళ్ళీ ప్రయత్నిస్తుంటే, అది లేచీ లేవగానే మళ్ళీ కూలుతుంది. విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ పోవడం ఒక్కటే చాలదు. ఆ యాదృచ్ఛికత కూడా ఉండాలి, లేకపోతే అందరూ కలిసే ఆగి, కలిసే తిరిగొస్తారు.

ఒక తేడా మాత్రం మరవకూడదు. ఈథర్‌నెట్‌లో ఢీకొన్న ఫ్రేమ్ చెడిపోతుంది, దాన్ని అవతలివాళ్ళు పారేస్తారు, కాబట్టి మళ్ళీ పంపడంలో ప్రమాదం లేదు. ఇన్‌వాయిస్ అలా కాదు. అవతల నమోదైపోయి, జవాబు ఒక్కటే దారిలో పోయుండొచ్చు. మళ్ళీ పంపితే కస్టమర్‌కి రెండు బిల్లులు. అందుకని ప్రతి అభ్యర్థనకీ ఒక విడి గుర్తింపు సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్ళీ వస్తే పాత జవాబే తిరిగివ్వాలి.

ఆ నాటి ఈథర్‌నెట్ 16 సార్లు ప్రయత్నించి ఆపేసేది, నావల్ల కాలేదని పై పొర సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది. మన సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కొరవడేది ఆ చెప్పడమే. వెళ్ళని ఆర్డర్ ఒక విడి క్యూలో చేరి, మర్నాడు పొద్దున అకౌంట్స్‌లో ఒక మనిషి కంటపడేలా ఏర్పాటు ఉంటే, నెలాఖరున లెక్కలు తేలక తలపట్టుకునే పని తప్పుతుంది.