దిమ్మె మీద దుర్భిణి

నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన పెద్ద దుర్భిణి ఇరవై ఏళ్లదాకా పనిలోకి రాలేదు. నిజాం కొలువులోని ఈ అమీరుకు ఆకాశమంటే మహా ఇష్టం. 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో వేధశాల మొదలుపెట్టి, డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీవాళ్ల 15 అంగుళాల కటకం దుర్భిణిని కొన్నాడు. ఆయన పోయాక, 1908లో వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, బేగంపేటకు మారింది. అక్కడ ఫొటోలు తీసే 8 అంగుళాల కుక్ దుర్భిణి ముందుగా రంగంలోకి దిగి, ప్రపంచ దేశాలు పంచుకుని చేస్తున్న నక్షత్రపటం పనిలో తన వాటా చేసుకుపోయింది. 15 అంగుళాలది మాత్రం తన దిమ్మె మీద నిలబడింది 1922లో. అప్పటికి కొన్నాయన లేడు, దాన్ని పెట్టాలనుకున్న స్థలమూ మారిపోయింది.

దుర్భిణి కొనడానికి డబ్బుంటే చాలు. నిలబెట్టడం వేరే విద్య. ఇప్పుడు డాబా మీదో, ఊరవతల ఫామ్‌హౌస్‌లోనో 12, 14, 16 అంగుళాల టెలిస్కోపు పెట్టుకుంటున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వాళ్లను ఎవరైనా అడిగే మొదటి మాట "అద్దం ఎంత?" అని. నేనైతే అద్దం కింద ఏముందని అడుగుతాను.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చి, 1840లో తన ఇంట్లోనే వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని అందుకున్నాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని మరీ అందుకున్నాడు. యార్క్‌లోని కుక్ కంపెనీ చేసిన, గడియారపు యంత్రంతో తిరిగే ఆరంగుళాల దుర్భిణిని తెప్పించి బిగించాడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతుంటే దాంతోనే కొలతలు తీసి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపాడు. సొసైటీ ఆయన్ని అప్పటికే ఫెలోగా తీసుకుంది.

జగ్గారావు మద్రాసులో చూసినవాటిలో ఒక రాతి స్తంభం ఉండే ఉంటుంది. అది ఇప్పటికీ నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. పదిహేను అడుగుల ఎత్తు, పది టన్నుల బరువున్న గ్రానైటు. 1792లో నిలబెట్టారు, దాని మీద 12 అంగుళాల కోణమాపక యంత్రం ఉండేది. స్తంభం మీది శాసనం లాటిన్‌లోనే కాక తమిళ, తెలుగు, హిందుస్తానీల్లోనూ ఉంది. ఆసియాలో గణితశాస్త్రాలకు మొదటిసారి అంటుకట్టింది బ్రిటిషువారి ఔదార్యమే అని వెయ్యేళ్ల తర్వాతివాళ్లకు చెప్పడం దాని ఉద్దేశం. ఆ గొప్పల సంగతి అలా ఉంచితే, చిన్న యంత్రం కింద పది టన్నుల రాయి పెట్టినవాడికి తన పని తెలుసు.

ఎందుకంత బరువు? లెక్క చూడండి. గొట్టం పొడవు మీటరున్నర అనుకుందాం. దాని ఒక కొస మిల్లీమీటరులో నూరోవంతు కదిలితే, చూపు దాదాపు 1.4 ఆర్క్ సెకన్లు పక్కకు పోతుంది. గురుగ్రహం బింబం మహా అయితే 45, 50 సెకన్లు. నూరోవంతు మిల్లీమీటరు కంటికి ఆనేది కాదు. పక్కగదిలో ఎవరో నడిచినా, కింద నీళ్ల మోటారు తిరిగినా శ్లాబు అంతకంటే ఎక్కువే ఊగుతుంది. అందుకే దిమ్మె ఇంటికి తగలకూడదు. నేలలోంచి సొంత పునాది మీద లేవాలి, గది గచ్చులో దానికోసం వదిలిన కన్నంలోంచి పైకి రావాలి, చుట్టూ అంగుళం సందు ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఆ సందులో థర్మకోల్ పెడతారు. గట్టిపడ్డాక పీకేయాలి. అది మర్చిపోయి, గచ్చు మీద నడిచినప్పుడల్లా చుక్క గంతులేస్తోందని బాధపడేవాళ్లున్నారు.

పునాది ఎంత లోతన్నది నేలను బట్టి. హైదరాబాదు చుట్టుపక్కల అదృష్టం బాగుంటే రెండు మూడడుగుల్లోనే బండ తగులుతుంది, దాంట్లోకి కడ్డీలు దించితే చాలు. నల్లరేగడి అయితే జాగ్రత్త. వానల్లో ఉబ్బి, ఎండల్లో బీటలిచ్చే ఆ మట్టి దిమ్మెను ఏటా రెండుసార్లు వాలుస్తుంది. ఎంత లోతైనా సరే రేగడి దాటి మొరం దాకా తవ్వాల్సిందే. సంగారెడ్డి అవతల ఒక మిత్రుడు గొయ్యి తవ్విస్తుంటే మేస్త్రీకి అనుమానం వచ్చింది. "ఇంత గొట్టానికి ఇంత గుంతేంది సార్? పైన ఇంకో ఫ్లోరు ఏమన్న ఏస్తరా?" "లేదు మేస్త్రీ, అది కదలొద్దు, అంతే." మేస్త్రీ ఇంకేం అనలేదు కానీ, ఆ రోజంతా కూలీలకు ఆ గొయ్యిని చూపించి నవ్వుతూనే ఉన్నాడు.

ఉన్నది డాబానే అయితే? నడిమధ్య శ్లాబు మీద పెట్టకండి. కింద పిల్లరూ బీమూ కలిసే చోట పెట్టండి, చూస్తున్నంతసేపు మోటారు కట్టేయండి, పక్కన నిలబడేవాళ్లను కదలొద్దనండి. ఇనుప గొట్టాన్నే దిమ్మెగా వాడితే తట్టినప్పుడు గంటలా మోగుతుంది. దాంట్లో ఎండబెట్టిన ఇసుక నింపితే ఆ మోత చచ్చిపోతుంది.

ఇక దిక్కు. నక్షత్రాలు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు చుట్టినట్టు కనిపిస్తాయి. దుర్భిణి వాటి వెంట వెళ్లాలంటే దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. అంటే ఉత్తరం వైపు సరిగ్గా తిరిగి, ఆ ఊరి అక్షాంశమెంతో అంత పైకి వంగాలి. హైదరాబాదులో 17.4 డిగ్రీలు, విశాఖలో 17.7, తిరుపతిలో 13.6.

ఉత్తరం కోసం దిక్సూచి పట్టుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. దిమ్మెలో ఇనుపకడ్డీలున్నాయి, ముల్లు వాటి మాటే వింటుంది. అంతకంటే శంకువు నయం. చదును చేసి, రసమట్టంతో సరిచూసిన నేల మీద నిటారుగా ఒక పుల్ల పాతి, దాని చుట్టూ వృత్తం గీస్తారు. పొద్దున కుంచించుకుంటూ వచ్చే నీడ కొస వృత్తంలోకి అడుగుపెట్టిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక పెరుగుతూ వృత్తం దాటిన చోట ఒక గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరలు వచ్చేస్తాయి, దానికి లంబం ఉత్తరం. సూర్యసిద్ధాంతం త్రిప్రశ్నాధికారంలో చెప్పిన పద్ధతి ఇదే, శిల్పశాస్త్రాలు గుడి కట్టేముందు చేయమన్నదీ ఇదే. దిమ్మె మీద బోల్టులు ఏ వైపుండాలో నిర్ణయించడానికి ఇది సరిపోతుంది. మిగతాది చుక్కలతో.

ఇక్కడ మన అక్షాంశం ఒక పేచీ పెడుతుంది. ధ్రువనక్షత్రం మనకు ఆకాశం అంచునే ఉంటుంది. కొబ్బరిచెట్టో, పక్కింటి నీళ్ల ట్యాంకో, ఊరి దుమ్మో దాన్ని మింగేస్తాయి. కనిపించినా అది అసలు ధ్రువం నుంచి అర డిగ్రీకి పైగానే ఎడంగా ఉంటుంది. పైగా అంత కిందికి చూసేటప్పుడు గాలి వెలుగును వంచుతుంది కాబట్టి ధ్రువం ఉన్నదానికంటే మూడు ఆర్క్ నిమిషాలు పైకి కనిపిస్తుంది. చలిదేశాల కోసం చేసిన మౌంటులు (దుర్భిణిని మోసి తిప్పే పీటలు) కొన్ని 20 డిగ్రీలకంటే కిందికి వంగను పొమ్మంటాయి. వంగినవాటిలోనూ ఎదురుబరువు వేలాడే కడ్డీ వెళ్లి దిమ్మెకు గుద్దుకోవచ్చు. దిమ్మెకూ మౌంటుకూ మధ్య ఒక అడుగు గొట్టం కలపడం దీనికి మందు. కొనకముందే అమ్మేవాణ్ణి ఈ రెండూ అడగడం మంచిది. అతనికి తెలియకపోవచ్చు, అతను యాభై డిగ్రీల అక్షాంశంలో ఉంటాడు.

ధ్రువం కనిపించకపోయినా సరిచేసే దారుంది. దక్షిణాన నడినెత్తి గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు చేరువలో ఉన్న ఒక చుక్కను తీసుకుని ఐదు నిమిషాలు చూడాలి. అది ఉత్తరానికి జారుతోందంటే ఇరుసు పడమరకు ఎక్కువ తిరిగింది, దక్షిణానికి జారితే తూర్పుకు. ఆ తర్వాత తూర్పున కిందుగా ఉన్న చుక్క. అది ఉత్తరానికి జారితే ఇరుసు ఎక్కువ లేచింది, దక్షిణానికి జారితే తక్కువ. బోల్టు కొంచెం తిప్పడం, మళ్లీ చూడడం. ఇప్పుడు కెమెరా, కంప్యూటరు ఆకాశాన్ని ఫొటో తీసి, పటంతో పోల్చి, పదినిమిషాల్లో తప్పెంతో చెబుతాయి. వాడుకోండి. అయినా ఒకసారి చుక్క జారడాన్ని కంటితో చూసినవాడికి యంత్రం ఎప్పుడు అబద్ధం చెబుతోందో తెలుస్తుంది.

కప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుమ్మటం అందంగా ఉంటుంది, గాలిని ఆపుతుంది, ఖర్చెక్కువ. పట్టాల మీద పక్కకు జరిగిపోయే రేకుల కప్పు చవక, ఆకాశమంతా తెరుచుకుంటుంది. కోస్తాలో ఉన్నవాళ్లు కప్పుకు గట్టి కొక్కేలు పెట్టుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు విశాఖలో ఎన్ని రేకులు ఎగిరాయో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు.

దుర్భిణి ఎక్కించే రోజు ఒక వరస ఉంది, అది తప్పితే ప్రాణాంతకం. ముందు మౌంటు, తర్వాత ఎదురుబరువులు, చివరికి గొట్టం. దించేటప్పుడు ఇది తలకిందులు. గొట్టం ముందెక్కించారంటే ఇరుసు గిర్రున తిరిగి ఎవరి తలకో తగులుతుంది. ఆ సంగారెడ్డి మిత్రుడు 16 అంగుళాలదాన్ని చైన్ బ్లాకుతో లేపాడు. అద్దాన్ని విడిగా పెట్టాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఉంగరాలు, గడియారం తీసేసి, జేబులోని పెన్ను కూడా బల్ల మీద పెట్టి, అప్పుడు అద్దాన్ని రెండు చేతులా అంచులు పట్టుకుని పైకి తీశాడు. ముందు వైపు వేలు పడలేదు. అది పడితే అల్యూమినియం పూత మీద వేలిముద్ర మిగిలిపోతుంది. అద్దం కూర్చునే తొట్టిలో దించాక అంచు క్లిప్పులు బిగించబోతున్న తమ్ముణ్ణి ఆపాడు. "గట్టిగా తిప్పకురా, కాగితం దూరాలి." క్లిప్పుకూ గాజుకూ నడుమ ఒక కాగితం ముక్క పెట్టి, అది సులువుగా జారేదాకా మరను వదులు చేయించాడు. గాజును నొక్కితే వంగుతుంది, వంగిన అద్దంలో చుక్క మూడు కొమ్ములతో కనిపిస్తుంది.

పెద్ద అద్దానికి ఇంకో గుణం ఉంది, వేడి వదలదు. మన డాబాలు మే నెలలో అర్ధరాత్రిదాకా సెగ కక్కుతాయి. అద్దం గాలికంటే వెచ్చగా ఉన్నంతసేపు దాని మీద గాలి పొర మరుగుతూ ఉంటుంది, శనిగ్రహం వలయాలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. శ్లాబుకు తెల్లసున్నం, అద్దం వెనక చిన్న ఫ్యాను, పొద్దుగూకగానే కప్పు తీసేయడం, ఇవి చేసినా గంటకు పైగా ఆగాలి. 16 అంగుళాల అద్దం లెక్క ప్రకారం 0.3 సెకనుకంటే చిన్న వివరాన్ని విడదీయగలదు. గాలి దాన్ని ఒక్క సెకను దాకా రానిచ్చిన రాత్రి పండగే.

ఊళ్లో పెద్ద అద్దం ఊరి దీపాల వెలుగునూ అంతే పెద్దగా పోగుచేస్తుంది. కాబట్టి హైదరాబాదు నడిబొడ్డున 16 అంగుళాలతో మసక గెలాక్సీలు వెతకడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. చంద్రుడు, గ్రహాలు, జంటనక్షత్రాలకు ఆ బాధ లేదు. ఊరు దాటితే మాత్రం మన అక్షాంశం ఇంతకుముందు పెట్టిన పేచీకి వడ్డీతో బాకీ తీరుస్తుంది. ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు మే నెల రాత్రుల్లో హైదరాబాదు దక్షిణ దిక్కున 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. నరసింగరావు దుర్భిణి చేసిన యార్క్ పట్టణంలో అది ఎప్పటికీ ఉదయించదు. 16 అంగుళాల్లో దాని మధ్యభాగం కూడా విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది.

దిమ్మె మీద స్థిరంగా ఉన్న దుర్భిణి అసలు విలువ బయటపడేది చూడ్డంలో కంటే కొలవడంలో. అదే యంత్రం, అదే కెమెరా, అదే చుక్క, రాత్రి తర్వాత రాత్రి. వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాల కొలతలను అమెరికాలోని ఏఏవీఎస్ఓ సంస్థ 1911 నుంచి ఔత్సాహికుల దగ్గర తీసుకుంటోంది. గ్రహశకలం ఒక చుక్కకు అడ్డొచ్చి కొన్ని సెకన్లు ఆర్పేసినప్పుడు, జీపీఎస్ గడియారంతో ఆ క్షణాన్ని నమోదు చేస్తే, వేర్వేరు ఊళ్ల లెక్కలు కలిపి ఆ బండ ఆకారం గీస్తారు. ప్రతిసారీ కారులో వేసుకెళ్లి, పరిచి, ధ్రువం సరిచేసుకునేవాడికి సగం రాత్రి అక్కడే పోతుంది.

వానాకాలం మాత్రం యంత్రానికి సెలవు, మనిషికి పని. అద్దాల మీద బూజు పట్టకుండా మూతలోపల సిలికా జెల్ సంచులు పెట్టాలి, రంగు మారగానే వేయించి మళ్లీ పెట్టాలి. పిడుగుల రోజు తీగలన్నీ పీకేయాలి, స్విచ్చి కట్టేస్తే చాలదు. కోతులున్న ఊళ్లో ఇంకో ముప్పుంది, వాటికి మెరిసే మరలంటే భలే ఇష్టం.

తర్వాత ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ముందే అడుక్కోవాలి. నరసింగరావు 1892లో పోయాక ఆయన భార్య వేధశాలను ప్రభుత్వానికి అప్పగించింది, కొన్నాళ్లకే అది మూతపడింది. జఫర్ జంగ్‌ది నిజాం ప్రభుత్వానికీ, అక్కణ్నుంచి 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ చేరి చాలాకాలం బతికింది. కాబట్టి దిమ్మె పోసేటప్పుడే బోల్టుల కొలతలు, పునాది లోతు, అక్షాంశం, అద్దానికి పూత వేయించిన తేదీ, మర ఎన్ని చుట్లు తిప్పారన్నది తెలుగులోనే ఒక నోటుపుస్తకంలో రాసి, గోడకు మేకు కొట్టి వేలాడదీయండి. విప్పాల్సి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు ఎదురుబరువులకంటే గొట్టం ముందు దించాలన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో ఉంటే చాలు.