అన్నా, స్టాండు!

ఎదురుగా వచ్చేవాళ్ళ చేతివేళ్ళు చూసి చూసి ఈ వారం నాకు చిరాకెత్తింది. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి బండి మీద వస్తుంటే మైలుకొకడు ఎదురై, అయిదు వేళ్ళూ ముడిచి విప్పుతూ చూపిస్తాడు. పట్టపగలు నీ హెడ్‌లైటు వెలుగుతోందిరా నాయనా, ఆర్పుకో అని దానర్థం. ఎలా ఆర్పను? 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ లైటు వెలిగే ఉండాలని రూలు పెట్టారు. ఆర్పే స్విచ్చి తీసేశారు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఆర్పకపోతే కొందరికి కోపం కూడాను. ఒకాయన నన్ను దాటిపోయాక మెడ వెనక్కి తిప్పి మరీ వేళ్ళాడించాడు. ఆయన ముందు బస్సు ఆగి ఉంది.

పక్కవాడి బండి మీద మనకున్నంత శ్రద్ధ మన బండి మీద ఎప్పుడూ ఉండదు. ఇండికేటర్ వేసి మలుపు తిరిగి, అది టిక్కుటిక్కుమంటుంటే ఊరు దాటేదాకా పట్టించుకోని మనిషి, ముందుపోయేవాడి చైను వదులైందని కనిపెడతాడు. ఈ శ్రద్ధంతటిలో పెద్దపీట సైడ్ స్టాండుది. స్టాండు తియ్యడం మర్చిపోయినవాడు పది గజాలు పోకముందే టీకొట్టు బెంచీ మీంచి, బస్సు కిటికీలోంచి, వెనక బండి మీంచి కేకలు మొదలవుతాయి. మావైపు ఆ కేక ముందు అరవంలో వస్తుంది. నంబరు ఏపీ 03 అని కనబడితే వెంటనే తెలుగులోకి మారుతుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాలోంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది గానీ, కేకలేసే గొంతులు రెండు భాషలూ అట్టే పెట్టుకున్నాయి. వెక్కిరించాల్సిన కేక కాదది. స్టాండు ఉండేది ఎడమ పక్కన. ఎడమకి మలుపు తిరిగి బండి వంగిందంటే ఆ ఇనపకాలు రోడ్డుకి తన్నుకుని మనిషిని విసిరేస్తుంది. ఇప్పుడొచ్చే బళ్ళలో చాలావాటికి స్టాండు తియ్యకుండా గేరు వేస్తే ఇంజినే ఆగిపోతుంది. అంటే ఆ కేకకీ రోజులు దగ్గరపడ్డాయన్నమాట.

ముందు బ్రేకు సంగతి మళ్ళీ ఎత్తుతానని పాత పాఠకులు ఈపాటికి పసిగట్టే ఉంటారు. ఎత్తుతాను. ముందు బ్రేకు పడితే బోల్తా కొడతావని సైకిలు నేర్చిననాడు ఎవరో చెప్పిన మాట పట్టుకుని, అరవై ఏళ్ళొచ్చినా కుడికాలితోనే బండి ఆపుతున్నారు మనవాళ్ళు. బ్రేకు వేస్తే బరువు ముందుకొస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది, ఆపే పని ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. మనం మారేలా లేమనుకున్నారో ఏమో, 2019 ఏప్రిల్‌కల్లా 125 సీసీ దాకా ఉన్న బళ్ళలో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పట్టే ఏర్పాటు తెచ్చారు. ఆపైవాటికి ఏబీఎస్. మనిషి నేర్చుకోనిది బండికి నేర్పారు.

బండికి ఈ తెలివంతా రాని రోజుల్లో తిరుత్తణిలో మా మేనమామకి ఒక బుల్లెట్ ఉండేది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కలిసి పెట్టిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బండి అది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీది. రెడిచ్‌లో అసలు కంపెనీ మూతబడ్డాక కూడా మనవాళ్ళు అదే బండిని అదే పద్ధతిలో చేస్తూ పోయారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, తక్కిన మూడూ కిందికి. మామ దాన్ని స్టార్ట్ చెయ్యడం ఒక పూజలా ఉండేది. తాళం తిప్పి, కిక్ రాడ్‌ని మెల్లగా నొక్కుతూ ఆమ్మీటరు ముల్లు నడిమికొచ్చేదాకా చూసి, డీకంప్రెషర్ లాగి, రాడ్‌ని ఇంకాస్త దించి, లివర్ వదిలి, అప్పుడు ఒకే ఒక్క తన్ను. ఈ వరసలో ఏది తప్పినా కిక్ తిరగబడి పిక్క మీద కొడుతుంది. వీధిలో కుంటుతూ ఎవరైనా కనబడితే, ఎవరి బుల్లెట్ అడిగి తెచ్చుకున్నావురా అని అడిగేవాళ్ళు.

ఒకసారి పుత్తూరు నుంచి మామ బావమరిది వచ్చాడు. ఇంటి దగ్గర కొత్త యమహా ఆర్ఎక్స్ 100 తోలేవాడు, అందరి బళ్ళలాగే దాని గేరు ఎడమ పక్కన. బుల్లెట్ ఇవ్వనని మామ, ఇమ్మని అత్త. అత్త మాటే నెగ్గింది. కొండ కింద శరవణ పొయ్‌గై దగ్గర పూలకొట్టు ముందు ఆపుదామని ఆయన కుడికాలితో గట్టిగా తొక్కాడు. యమహా మీద అది బ్రేకు. బుల్లెట్ మీద అది పై గేరు. బండి ఆగడానికి బదులు గేరు మార్చుకుని, మల్లెపూల బుట్టల్లోకి దర్జాగా వెళ్ళింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మామ పరుగున వచ్చి మొదట బండిని లేపాడు, తరవాత బుట్టలకి డబ్బు కట్టాడు, ఆఖర్న బావమరిది వైపు చూశాడు. పూలామె 'ఎడమకాలు తొక్కు నాయనా' అని ముందే అరిచిందట. ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది!

తరవాత్తరవాత బుల్లెట్‌కీ గేరు ఎడమకే వచ్చింది. తికమక పూర్తిగా పోయిందనను. స్ప్లెండర్‌కి గేర్లన్నీ కిందికి, పల్సర్‌కి ఒకటి కిందికి, మిగతావి పైకి. పెళ్ళింట్లో బళ్ళు మార్చుకున్న కుర్రాళ్ళు మొదటి ఫర్లాంగు ఎలా పోతారో నిలబడి చూడండి, కాలక్షేపం.

ఇంతదాకా వచ్చాక, బండికే తెలివొచ్చింది గనక కేకలేసేవాళ్ళు ఇక విశ్రాంతి తీసుకోవచ్చని రాసి ముగిద్దామనుకున్నాను. ఆడికృత్తిక నాడు కొండ దిగుతూ చూసింది అడ్డొస్తోంది.

తిరుత్తణి కొండకి మెట్లతో పాటు బళ్ళు ఎక్కే ఘాట్ రోడ్డు కూడా ఉందని మీకు చెప్పనక్కర్లేదు. ఆ రోడ్డు మీద ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్లో జారుతూ దిగడం మావాళ్ళకి పొదుపు. చెంచాడు పెట్రోలు మిగులుతుంది కాబోలు. గేర్లో ఉంటే ఇంజినే బండిని కొంత పట్టి ఉంచుతుంది. ఆ పట్టు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే, డ్రమ్ము కాగిందంటే తొక్కినా ఆగదు. నా ముందు ఒకతను అలాగే దిగుతున్నాడు. ట్యాంకు మీద పిల్లవాడు, వెనక పక్కకి తిరిగి కూర్చున్న ఇల్లాలు, ఆమె ఒళ్ళో నెమలీకల కావడి, అతని మోచేతికి హెల్మెట్. రోడ్డు పొడుగునా జనం. ఒక పెద్దాయన ఆ బండిని చూసి, ఆత్రంగా చెయ్యెత్తి, గట్టిగా అరిచాడు: "అన్నా, ఇండికేటర్!" అతను ఆపుకుని, దండం పెట్టి, అలాగే జారుతూ వెళ్ళిపోయాడు.

మర్చిపోయినవాడికి గుర్తుచేస్తే దండం పెడతాడు. తెలిసి చేసేవాడికి చెబితే 'నీకెందుకు' అంటాడు. అందుకే మన కేకలన్నీ మరుపు దగ్గరే ఆగిపోతాయి. ఆ మరుపుని ఇప్పుడు బండే చూసుకుంటోంది. రాష్ట్రాల సరిహద్దులో పొన్పాడి చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడితే మిగిలింది కనిపిస్తుంది. నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళు ట్యాంకు మీది హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుంటారు, అటు వెళ్ళేవాళ్ళు నెత్తి మీది దాన్ని తీసి ట్యాంకు మీద పెడతారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ రెండు రాష్ట్రాలకీ ఒకటే. తలా ఒకటే. చీర చక్రంలో పడకుండా వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. అందం చెడిందని కొత్త బండికి ఆ శారీ గార్డు ఊడపీకించే కుర్రాణ్ణి మెకానిక్కూ ఏమనడు, తండ్రీ ఏమనడు. అదే బండి మీద వాళ్ళమ్మ చెంగు గాలికి లేచినప్పుడు రోడ్డంతా అరుస్తుంది.

కేకలేసే అన్నలకీ అక్కలకీ నాదొక విన్నపం. హెడ్‌లైటు సంగతి వదిలెయ్యండి. చెంగు, చున్నీ చక్రం దాకా వేలాడితే ఇప్పటిలాగే గొంతు చించుకోండి. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించినవాణ్ణి, రాంగ్ సైడులో వచ్చేవాణ్ణి, ఇంజిన్ ఆపి కొండ దిగేవాణ్ణి చూసినప్పుడు కూడా అంతే గట్టిగా అరవండి. నీకెందుకు అంటాడు. అననివ్వండి.